ప్రొఫెసర్ గారి సొరుగు తాళం

పత్రికల్లో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మొదటి పదకొండేళ్ళు వరంగల్‌లో ఒక తెలుగు పేపర్లో, మిగిలినవి దుబాయ్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న తెలుగు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "సార్, ఒక్క సలహా చెప్పండి" అంటారు. సలహా అడిగేవాళ్ళలో చాలామందికి కావలసింది మెచ్చుకోలు. అది చెప్పి పెట్టేస్తుంటాను. అసలు చెప్పాల్సింది ఫోన్లో తెమిలేది కాదు, నా గొప్ప చాటేది అంతకన్నా కాదు. అందుకని రాస్తున్నాను.

ఇది ఒక ప్రొఫెసర్ గారు దేశాధ్యక్ష పదవికి పోటీ చేసినప్పటి సంగతి. ఆ దేశం హిందూ మహాసముద్రంలో ఉంది. పటంలో చూస్తే ప్రెస్సులో పడ్డ సిరా చుక్క అనుకుంటారు. దాని పేరు రాయను. ఎందుకు రాయనో ముందు ముందు మీకే తెలుస్తుంది. ప్రొఫెసర్ని అనటోల్ అని పిలుద్దాం. అసలు పేరు అది కాదు.

మూడు నెలల్లో నాలుగు పుట్టినరోజులు

అనటోల్ షార్జాలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చెప్పేవారు. నిఖార్సయిన వామపక్షవాది. పెట్టుబడిదారీ వ్యవస్థ ఎందుకు కూలిపోతుందో పెట్టుబడిదారుల పిల్లలకు చెప్పి, నెల తిరిగేసరికి వాళ్ళ ఫీజుల్లోంచి జీతం అందుకునేవారు. అజ్మాన్‌లో సముద్రం కనిపించే ఫ్లాటు యూనివర్సిటీయే ఇచ్చింది. భార్యతో విడిపోయి చాలా కాలమైంది. ఇంటి నిండా పుస్తకాలు, బాల్కనీ నిండా మొక్కలు.

ఆయన దేశస్థులు ఇక్కడ హోటళ్ళలో, సెక్యూరిటీ పనుల్లో, షార్జా శివార్లలోని సజ్జా ఫ్యాక్టరీల్లో ఉన్నారు. వీళ్ళు ఏ గుర్తుకు వెయ్యమని ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ ఇంటిల్లిపాదీ దానికే వేస్తారు. కాబట్టి అక్కడి ఎన్నిక ఇక్కడే మొదలవుతుంది. అయితే ఇక్కడ రాజకీయ సభలు కుదరవు. పుట్టినరోజులు కుదురుతాయి. అలా మూడు నెలల్లో ఆయనకు నాలుగు పుట్టినరోజులు వచ్చాయి. రెండింటికి నేనూ వెళ్ళాను. కేకు కోయడం, శ్రమ దోపిడీ మీద నలభై నిమిషాలు మాట్లాడటం, తర్వాత కేకు పంచడం. "ఏ మనిషీ ఏ యజమానికీ బందీ కాదు" అన్నది ఆయన నినాదం. దానికి అందరూ చప్పట్లు కొట్టేవారు, కేకు వచ్చేది అప్పుడే కనుక.

నా పక్కన కూర్చున్న సెక్యూరిటీ గార్డు రెండో పుట్టినరోజున నా చెవి దగ్గరికి వంగి, "సార్, పోయిన నెల కూడా పైనాపిలే" అన్నాడు. ఆ ప్రచారంలో నేను విన్న మొదటి విమర్శ అదే.

పది అడుగులు

వరంగల్‌లో నా మొదటి బాసు నరహరి సార్. జిల్లా డెస్కు ఇన్‌ఛార్జి. మీటింగులకు పంపేటప్పుడు ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు: "మంత్రి ఏం జెప్తడో మనకు ముందే ఎరుక. డ్రైవర్ ఏం జెప్తడో మంత్రికి సుత తెల్వది. పోయి డ్రైవర్‌ను అడుగు." పదకొండేళ్ళు అలాగే చేశాను. విమానమెక్కి దుబాయ్‌లో దిగి, మెడలో ఇంగ్లీషు పేపరు కార్డు వేసుకోగానే మర్చిపోయాను. ఏసీ గదుల్లో కూర్చోబెట్టి మాట్లాడుతుంటే బయట డ్రైవర్ ఉంటాడన్న సంగతే తట్టేది కాదు.

ప్రొఫెసర్ మీద పెద్ద వ్యాసం రాయమన్నప్పుడు ఆయన ఫ్లాటుకే వెళ్ళాను. కరోనా మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగుతున్న రోజులు. రెండు గంటలు మాట్లాడారు. మధ్యలో ఒకావిడ రెండుసార్లు టీ తెచ్చి పెట్టింది. నేను హిందీలో "షుక్రియా బహెన్" అన్నాను. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది.

"ఇంట్లో ఇంకెవరుంటారు ప్రొఫెసర్?" అని అడిగాను.

"మణి. ఆమెను పనిమనిషి అనను. నా టేబుల్ మీదే నాతో కలిసి తింటుంది."

"ఏ ఊరు?"

"దక్షిణ భారతం. సముద్రం, కొబ్బరి చెట్లు ఉన్న చోటు."

సముద్రం, కొబ్బరి చెట్లు అంటే మా న్యూస్‌రూమ్‌లో కేరళ. డెస్కులో సగం మంది అక్కడివాళ్ళే. నేను "కేరళ నుంచి వచ్చిన మణి" అని రాశాను. టేబుల్ మీద కలిసి తినే సంగతి రాశాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ప్రొఫెసర్ స్వయంగా కాచి ఇచ్చిన ఏలకుల టీ తాగుతూ" అని మొదలుపెట్టాను. అధ్యక్షుడు కాబోతున్న వామపక్ష మేధావి తన టీ తానే పెట్టుకుంటే చదవడానికి ఎంత ముచ్చటగా ఉంటుంది! చేతిలో కప్పు పెట్టిన మనిషిని నా కళ్ళతో నేను చూశాను. అయినా అలాగే రాశాను.

సోఫాకు, వంటింటికి మధ్య పది అడుగులుంటాయి. నా సర్వీసులో నేను నడవని దూరాల్లో అన్నిటికన్నా ఖరీదైనది అదే.

వ్యాసానికి మంచి పేరొచ్చింది. ప్రొఫెసర్ దాన్ని లామినేషన్ చేయించుకున్నారని విన్నాను.

"రెండుసార్లు టీ ఇచ్చానండి"

రెండేళ్ళ తర్వాత ఆయన నిజంగానే అభ్యర్థి అయ్యారు. పుట్టినరోజులు ఆపి స్వదేశానికి వెళ్ళారు. ఉద్యోగానికి రాజీనామా చేయలేదు, జీతం లేని సెలవు పెట్టారు. విప్లవం రాకపోతే సెమిస్టర్ వస్తుంది కదా.

నా రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ మోగింది.

"నమస్కారమండి. పేపరాయనేనాండి?"

"అవును. ఎవరమ్మా?"

"నాగమణినండి. అజ్మాన్‌లో ప్రొఫెసర్ గారింట్లో మీకు టీ ఇచ్చానండి. రెండుసార్లు."

"తెలుగామెవా నువ్వు? అప్పుడే చెప్పొచ్చు గదమ్మా?"

"మీరు హిందీలో మాట్లాడారు కదండీ. పెద్దోళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరతామాండి? ఆ రోజు మధ్యలో మీ ఆవిడ గారు ఫోన్ చేశారు చూడండి, మీరు తెలుగులో మాట్లాడితే అప్పుడు తెలిసిందండి తెలంగాణావోరని. బీరకాయ కూరొద్దు అన్నారు మీరు." ఆవిడ నవ్వింది. "మాది కోనసీమండి, మలికిపురం దగ్గర. కేరళ అని రాశారంట. పక్క ఫ్లాటు అమ్మాయి చదివి చెప్పింది. పోనీలే అనుకున్నానండి."

ఫోన్ చేసింది కేరళ గురించి కాదు. ఆవిడకు ఒక్కగానొక్క కూతురు, ఎనిమిదో నెల. తొలి కాన్పు. నాగమణికి భర్త లేడు, కూతురి అత్తవారి వైపు పెద్ద దిక్కూ లేదు. పురిటికి తల్లి వెళ్ళాలి. పాస్‌పోర్టు మాత్రం ప్రొఫెసర్ గారి చదువుల గదిలో, ఇనుప టేబుల్ సొరుగులో ఉంది. వీసా ముద్ర పడి వచ్చిన రోజున "భద్రంగా ఉంటుంది" అని ఆయనే అందులో పెట్టారు. తాళం చెవి ఆయన కీచెయిన్‌తో పాటు సముద్రం దాటింది.

"మరి ఆయనకు చెప్పలేదా?"

"పాత నంబరు పలకట్లేదండి. కొత్త నంబరుకి చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, అభ్యర్థి గారికి తెలియజేస్తామంటుందండి. మూడు వారాలనుంచీ తెలియజేస్తానే ఉంది."

"జీతం వస్తుందా?"

"ఠంచనుగా బ్యాంకులో పడిపోద్దండి. ఆయన మంచోడేనండి. టేబుల్ మీదే తినమంటాడు. నాకేమో ఆ ఎత్తు కుర్చీలో కాళ్ళు వేలాడి తిమ్మిరెక్కేవి. కిందే హాయండి."

ఇక్కడి చట్టం ప్రకారం పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి. ఆ చట్టం ప్రొఫెసర్‌కు నాకన్నా బాగా తెలుసు. పనివాళ్ళ వీసా యజమాని చేతిలో ఉండే గల్ఫ్ కఫీల్ పద్ధతి మీద ఆయన రాసిన వ్యాసాన్ని నేనే మెచ్చుకున్నాను. ఫిర్యాదు చేస్తే పాస్‌పోర్టు వస్తుంది, కానీ జవాబు చెప్పాల్సిన యజమాని దేశంలో లేడు. ఎన్నాళ్ళు పడుతుందో ఎవరు చెప్పగలరు? సొరుగు తనే పగలగొడితే, రేపు అందులోంచి ఏదైనా పోయిందని ఎవరన్నా అంటే ఆవిడ గతేమిటి? ఇవన్నీ నాకన్నా ముందే ఆవిడ ఆలోచించుకుంది.

కురియన్ ఇచ్చిన కానుక

కేరళవాడైన మా న్యూస్ ఎడిటర్ కురియన్‌కు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కార్మికుల విమోచకుడు పనిమనిషి పాస్‌పోర్టు తాళం వేసుకుని పోయాడు! మొదటి పేజీ, మాన్! నీ రిటైర్మెంటుకు దేవుడిచ్చిన గిఫ్ట్!"

నాకూ అలాగే అనిపించింది, దాచను. లిఫ్టు కిందికి వచ్చేలోపు తలలో హెడ్డింగు సిద్ధమైపోయింది. ముప్పై ఆరేళ్ళలో నాకు చెప్పుకోదగ్గ సంచలన వార్త ఒక్కటీ లేదు. ఇది దానంతటదే ఫోన్ చేసి వచ్చింది. పైగా మన వృత్తిలో ఒక సౌకర్యముంది: మనకు లాభమైన ప్రతి వార్తా బాధితులకు మేలు చేస్తుందని నమ్మగలం. ఆ నమ్మకంతోనే నాగమణికి ఫోన్ చేశాను.

"పేపర్ల వేస్తే ఆయనే ఉరికొస్తడమ్మా."

"ఆయనెందుకొస్తాడండి, పోలీసోళ్ళొస్తారు. ఆయన మనుషులు నన్ను అవతలి పార్టీవోళ్ళు కొనేశారంటారు. ఆ సొరుక్కి సీలు వేస్తారు. నా పాస్‌పోర్టు సాక్ష్యమైపోద్ది. నాకు పేపర్లో పేరొద్దండి. పాస్‌పోర్టు కావాలి. మా పిల్ల కనేశాక మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి."

ఇంత చక్కగా ఆలోచించే సబ్ ఎడిటర్ మా డెస్కులో ఒక్కడూ లేడు. ముందు పాస్‌పోర్టు, తర్వాత వార్త అనుకున్నాను. రెండూ దక్కించుకోవచ్చని లెక్క వేసుకున్నాను.

రికార్డర్

పోలింగ్‌కు మూడు వారాల ముందు పదిహేను నిమిషాల ఆన్‌లైన్ ఇంటర్వ్యూ దొరికింది. ప్రొఫెసర్ వెనక ఎర్ర జెండా, పక్కన ఫోన్ ఎత్తే ఆ అమ్మాయి. నా టేబుల్ మీద రికార్డర్ నడుస్తోంది.

"గెలిస్తే మీ మొదటి సంతకం దేని మీద?"

"విదేశాల్లో ఉన్న మా కార్మికుల పాస్‌పోర్టులు ఏ యజమానీ దాచుకోకుండా ఒప్పందాల మీద," అన్నారు, రెప్ప వేయకుండా.

అబద్ధమాడుతున్న మనిషి ముఖం నాకు తెలుసు. ఆయన ఆడటం లేదు. ఆయనకు గుర్తే లేదు. నన్నడిగితే అబద్ధం కన్నా ఇది చెడ్డది. అబద్ధమాడేవాడికి ఎదుటి మనిషి ఉన్నట్టయినా తెలుసు.

"ప్రొఫెసర్, ఒక చిన్న విషయం. మణి గురించి."

"ఏ మణి?" అని, వెంటనే ముఖం వెలిగి, "ఓ, మణి! ఎలా ఉంది? మొక్కలు బాగున్నాయా?"

"మొక్కలు బాగున్నాయి. ఆమె పాస్‌పోర్టు మీ సొరుగులో ఉంది."

పక్కనున్న అమ్మాయి తల తిప్పి ఆయన వంక చూసింది. ఆయన నా వంక చూసి అడిగారు: "ఇది రికార్డులో ఉందా?"

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగి చదవండి. "రికార్డులో లేదు" అని మనం ఒకసారి చెబితే, ఆ తర్వాత విన్నది ఎంత విలువైనదైనా మనది కాదు. ఎదుటివాడు మంచివాడా, దొంగా అన్నదానితో సంబంధం లేదు. "ఉంది" అంటే నాకు వార్త దక్కుతుంది. ఆయన ఆ అమ్మాయి చెప్పినట్టు "పరిశీలిస్తాం" అని లైను కట్ చేస్తారు. మలికిపురంలో ఒక పిల్ల తల్లి లేకుండా కంటుంది. "లేదు" అంటే ఆ క్షణం నుంచి నేనూ ఆ గదిలో ఒక కుర్చీని, విన్నది బయట చెప్పే నోరుండదు.

రికార్డర్ ఆపి కెమెరాకు చూపించాను.

ఆయన ముఖాన్ని రెండు చేతుల్లో పెట్టుకున్నారు. ఆ సిగ్గు నిజమైనదే. తర్వాత జేబులోంచి కీచెయిన్ తీసి, చిన్న ఇత్తడి తాళం చెవి కెమెరా ముందు ఊపారు. "ఇదిగో, భద్రంగా నా దగ్గరే ఉంది!" సమస్య తీరిపోయినట్టే అన్నారు. మధ్యలో ఒక సముద్రముందని గుర్తు చేశాను.

"పోలింగ్ అవగానే నేనే వస్తాను."

"ఆమె కూతురు పోలింగ్ దాకా ఆగదు."

ఆయన ఆలోచించారు. మేధావులు ఆలోచించేటప్పుడు పైకి చూస్తారు. చివరికి అన్నారు: "అయితే పగలగొట్టండి."

ఆ పార్టీ ప్రచారం మొత్తంలో వెలువడిన ఒకే ఒక్క విప్లవాత్మక ఆదేశం అది.

ఖాన్ సాబ్ సాక్షిగా

నాగమణి ఒప్పుకోలేదు. "నోటి మాట నాకొద్దండి. కాయితం మీద రాయించండి. సంతకం ఉండాలి. సెలవిచ్చినట్టు కూడా రాయమనండి."

మరుసటి రోజు ఫోన్లోకి ఉత్తరం వచ్చింది. పార్టీ లెటర్‌హెడ్ మీద, పైన పెద్ద అక్షరాలతో "ఏ మనిషీ ఏ యజమానికీ బందీ కాదు", కింద "నా సొరుగు తాళం పగలగొట్టి శ్రీమతి మణి పాస్‌పోర్టు ఆమెకు ఇవ్వడానికి, ఆమె సెలవు మీద వెళ్ళడానికి అనుమతిస్తున్నాను". రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయన్న సంగతి పంపినవాళ్ళకు తట్టలేదు. ప్రింటు తీసుకుని అజ్మాన్ వెళ్ళాను.

బిల్డింగ్ నాతూర్ పెషావర్ వాడు, ఖాన్ సాబ్. వాచ్‌మన్ ఉద్యోగమే అయినా ఆ బిల్డింగుకు ముదీర్, అంటే మేనేజరు, లాగే ఉంటాడు. కాగితం తలకిందులుగా పట్టుకుని గంభీరంగా చూశాడు.

"దస్తఖత్ హై?"

"హై," అన్నాను సంతకం మీద వేలు పెట్టి.

"తో ఖలాస్. యల్లా, తోడో!" అన్నాడు, పగలగొట్టమని తను తెచ్చిన కార్పెంటర్‌తో.

రెండు నిమిషాలు పట్టింది. నాగమణి ఎడంగా నిలబడి ఫోన్లో వీడియో తీసింది, రేపు ఎవరూ ఏమీ అనకుండా. సొరుగులో ప్రొఫెసర్ గారి డిగ్రీలు, విడాకుల పత్రం, పాస్‌పోర్టు, లామినేషన్ చేసిన నా వ్యాసం ఉన్నాయి. ఆయన జీవితంలో విలువైనవన్నీ ఒకే చోట దాచుకున్నారు. అందులో ఒకటి వేరేవాళ్ళది, ఇంకొకటి అబద్ధం.

ఆవిడ పాస్‌పోర్టు తెరిచి ఫొటో చూసుకుంది. "అమ్మో, ఎంత బక్కగా ఉన్నానండి!" అని దాన్ని జాకెట్టులో దోపుకుంది. తర్వాత చుట్టూ చూసి, "మరి ఈ మొక్కలకి నీళ్ళెవరు పోస్తారండి?" అంది.

"మై దేఖ్ లూంగా, బహెన్. తుమ్ జావ్," అన్నాడు ఖాన్ సాబ్, మొక్కల్ని తాను చూసుకుంటానని.

ఆ తర్వాత నాలుగో రోజున ఆవిడ ఇంటికి చేరింది. చేరిన వారానికి మనవడు పుట్టాడు.

ఆత్మవిమర్శ

మామూలు ఇంటర్వ్యూ రాసి ఇచ్చాను. కురియన్ రెండుసార్లు చదివాడు.

"పాస్‌పోర్టు ఎక్కడ, మాన్?"

"ఆమె దగ్గర."

"వార్తలో ఎక్కడ అంటున్నా."

"రికార్డర్ ఆపేశాను."

"బ్యాటరీ అయిపోయిందా?"

"నేనే ఆపాను."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అతనిది తప్పనను. ఎడిటర్ పని వార్త అడగడమే.

ప్రొఫెసర్ మూడో స్థానంలో వచ్చారు. పోటీ చేసింది ముగ్గురు. సెమిస్టర్‌కు సరిగ్గా అందేలా తిరిగొచ్చారు. నా ఉద్యోగం చివరి వారంలో టీకి పిలిచారు. ఓటమి మీద ముప్పై పేజీల ఆత్మవిమర్శ రాశానని చేతిలో పెట్టారు. జాలర్లను చేరుకోలేకపోవడం, నినాదంలో స్పష్టత లోపించడం, అంతర్జాతీయ పరిస్థితులు, అన్నీ ఉన్నాయి. సొరుగు లేదు.

"ప్రొఫెసర్, ఆ రోజు మాట్లాడుకున్నది ఎప్పటికైనా రాసుకోవచ్చా?"

"రాయండి. నా పేరు, దేశం పేరు వద్దు. దేశానికి చెడ్డ పేరు రాకూడదు."

సరేనన్నాను. అప్పుడు టీ వచ్చింది. ఈసారి లేచి, కప్పుతో సహా ఆ పది అడుగులు నడిచాను. నాగమణి బదులు పెట్టుకున్న కొత్తావిడ నేపాల్ నుంచి వచ్చింది. పేరు అడిగాను, ఊరు అడిగాను, పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగాను. ఆవిడ నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, నడుముకు కట్టుకున్న సంచి తట్టి చూపించింది. దిగేటప్పుడు ఖాన్ సాబ్ చెప్పాడు: సొరుక్కి కొత్త తాళం పడింది, పాతదానికన్నా పెద్దది. అందులో ఇప్పుడు ఏం పెడుతున్నారో అతనికీ తెలియదు.

సవరణ

చివరి రోజున డెస్కు మీద రెండు లైన్లు రాసిచ్చాను. ఫలానా వ్యాసంలో ప్రొఫెసర్ ఇంట్లో పనిచేసే మహిళది కేరళ అని పడింది, ఆమెది ఆంధ్రప్రదేశ్‌లోని కోనసీమ, పేరు నాగమణి, పొరపాటుకు చింతిస్తున్నాము అని.

కురియన్ తల పట్టుకున్నాడు. "రెండేళ్ళు దాటింది, మాన్! ఎవడడిగాడు?"

"నేనే."

"మా రాష్ట్రానికి ఒక మనిషి తగ్గింది," అని గొణిగి, వేశాడు. నా పేరు లేకుండా అచ్చయిన నా ఆఖరి వార్త అది.

దాని ఫొటో నాగమణికి పంపాను. రెండు రోజుల తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక పసివాడి ఏడుపు.

"అయ్యా, మా అల్లుడు చదివి చెప్పాడండి. ఊరు దిద్దారు, పేరు పూర్తిగా వేశారు, చాలా సంతోషమండి. పాతది కూడా చదివించుకున్నానండి. అందులో టీ ఆయన కాచాడని ఉందంటగా. అది దిద్దలేదేంటండీ?"

అప్పటికి ఆఫీసు కార్డు అప్పజెప్పేశాను. డెస్కు నాది కాదు. అందుకని ఆ సవరణ ఇక్కడ వేస్తున్నాను. ఆ టీ కాచింది నాగమణి. రెండుసార్లూ.